ముందు గోడ చూసి మురిసిపోయాను!

సినిమాకి యిల్లు చూడమంటే నాకు పది నిమిషాలు చాలు!

హీరోయిన్ తండ్రి లాయరంటే ఒక రకం యిల్లు. బడిపంతులంటే ఇంకో రకం. వీధిలో జనరేటర్ వ్యాను నిలబడుతుందా, హాల్లో ట్రాలీ వెయ్యడానికి నేల సమంగా వుందా, మెట్లు కెమెరాకి యెదురుగా వున్నాయా, పక్కింటివాళ్ళు రాత్రి పన్నెండింటికి పోట్లాటకి వచ్చే రకమా కాదా... యింతే కదా! అసిస్టెంటుగా పదేళ్ళు, ప్రొడక్షన్ మేనేజరుగా ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాణ్ణి. మద్రాసులోనూ, ఆ తర్వాత హైదరాబాదులోనూ నేను గడప తొక్కిన యిళ్ళు వెయ్యికి తక్కువుండవు. అలాంటివాణ్ణి, సొంత డబ్బు పెట్టి అద్దెల కోసం రెండంటే రెండు యిళ్ళు కొని, అందులో ఒకదాంట్లో బోర్లా పడ్డాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఆవిడ యిప్పటికీ నవ్వుతూనే వుంది.

సినిమా పత్రికలో యీ అద్దెల గోల ఏమిటి అనుకుంటున్నారేమో! మా సినిమావాళ్ళకి అద్దె కంటే దగ్గర సబ్జెక్టు ఇంకోటి లేదండీ. తెర మీద రాజుగా వేసినాయన కూడా ఒకటో తారీకున యింటాయనకి కనబడకుండా సందులోంచి వెళ్ళిన రోజులు నేను కళ్ళారా చూశాను.

నేను తెనాలి నుంచి మద్రాసు వెళ్ళింది 1974లో. సాలిగ్రామంలో ఒక పోర్షన్. ఒక గది, ఒక వంటిల్లు, నాలుగు కుటుంబాలకి కలిపి ఒక బావి. అక్కడ ఆచారం ప్రకారం పది నెలల అద్దె అడ్వాన్సు. అది యివ్వడానికి మా నాన్న అర ఎకరం కౌలుకిచ్చాడు. మాకు జీతాలేముంటాయి? షూటింగు వున్న రోజు బేటా, లేని రోజు టీ నీళ్ళు. పిక్చరు మొదలయితే మూడు నెలలు రాజభోగం, ఆగిపోతే ఆర్నెల్లు ఉపవాసం.

1978లో ఒక పిక్చరు రెండు షెడ్యూళ్ళయ్యాక ఆగిపోయింది. నిర్మాత ఊరెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అద్దె మూడు నెలలు నిలిచిపోయింది. మా యింటావిడ పెద్దావిడ, భర్త పోయి చాలా కాలమయింది, పిల్లల్లేరు. ఆ నాలుగు పోర్షన్ల అద్దెతోనే బతుకుతోంది. ఒకరోజు పొద్దున్నే వచ్చి గడపలో కూచుని, తెలుగూ అరవమూ కలిపి చెప్పింది. "చూడు నాయనా, నువ్వు మంచివాడివే. కానీ నా బియ్యం నీ అద్దెలో వుంది. మూడు నెలలు అడ్వాన్సులో విరగ్గొట్టుకుంటాను. మిగతాది తీసుకుని ఖాళీ చెయ్యి."

ఆ రోజు ఆవిడ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. పెట్టె నెత్తిన పెట్టుకుని బయటకి వస్తూ ఏవేవో అన్నాను కూడా. అయితే ఒక సంగతి మాత్రం బుర్రలో వుండిపోయింది. ఆ వీధిలో యిరవైమంది సినిమావాళ్ళం వున్నాం. కెమెరా అసిస్టెంట్లు, ఫైటర్లు, ఒకరిద్దరు పేరున్న నటులు కూడా. మా అందరిలోకీ, ఏ నిర్మాత గుమ్మం ముందూ నిలబడకుండా, ప్రతి నెలా ఠంచనుగా బియ్యం బస్తా దింపించుకున్నది ఆవిడొక్కతే!

అప్పట్లో సెట్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎప్పుడూ ఒకే కబురు. శోభన్ బాబు గారు డబ్బు భూమి మీద పెట్టమని తోటివాళ్ళకి చెబుతారట, ఆయన మాట విన్నవాళ్ళు బాగుపడ్డారట అని. నిజమే. చిత్తూరు నాగయ్య గారి లాంటివారు, సావిత్రి గారి లాంటివారు ఎంత సంపాదించారో, చివరికి ఎలా గడిపారో తెలిసిన పరిశ్రమ మాది. అందుకే భూమి అనగానే మా చెవులు నిక్కబొడుచుకునేవి. కానీ ఒక చిన్న తేడా ఎవరూ చెప్పలేదు. హీరోగారు స్థలం కొని పదిహేనేళ్ళు అలా వదిలెయ్యగలరు. ఆయన భోజనం వేరే సంపాదనలో వుంది. నాలాంటివాడికి స్థలం వుంటే సరిపోదు, అది నెలనెలా అన్నం పెట్టాలి. కొన్ననాటికీ అమ్మిననాటికీ మధ్య బతకొద్దా మరి?

1992లో మకాం హైదరాబాదుకి మార్చాం. అప్పటికి మా యూనిట్లు చాలావరకూ యిటు వచ్చేశాయి. అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు తిరగడానికి దగ్గరని కృష్ణానగర్‌లో దిగాం. సినిమా కూలీ అన్నవాడు ప్రతివాడూ అక్కడే. పొద్దున్న ఐదింటికి వీధిలోకి వస్తే వ్యాన్ల కోసం నిలబడ్డ జనం తిరణాలలా వుంటారు. వీళ్ళందరికీ గదులు కావాలి కదా అని అప్పుడే నాకు పురుగు తొలిచింది.

1994లో ఒక పాత యిల్లు అమ్మకానికి వచ్చింది. 140 గజాలు. ముందు రెండు పోర్షన్లు, వెనక వరసగా నాలుగు గదులు. నేను నా పద్ధతిలో పది నిమిషాల్లో చూసేశాను. గోడకి పెచ్చులూడాయి, గేటు వంకర. "ఛీ, దీన్లో పల్లెటూరి సీను కూడా తియ్యలేం" అన్నాను.

"మనం యిందులో సినిమా తియ్యం కదండీ" అంది మా ఆవిడ.

ఆవిడ చదివింది ఎనిమిదో క్లాసు. ఆ యిల్లు చూడటానికి మాత్రం నాలుగుసార్లు వెళ్ళింది. ఒకసారి పొద్దున్న ఆరింటికి, కుళాయి వచ్చే వేళకి. ఒకసారి రాత్రి. ఒకసారి యింటాయన లేనప్పుడు చూసి. నాలుగోసారి మంచి వానలో! నేను గొడుగు పట్టుకుని తిట్టుకుంటూ వెంట వెళ్ళాను. కృష్ణానగర్ పల్లం సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, గట్టి వాన పడితే వీధి వాగయిపోతుంది. ఆ రోజు సందు మొదట్లో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. కానీ యీ యింటికి మూడు మెట్ల ఎత్తు అరుగు వుంది. నీళ్ళు రెండో మెట్టు దగ్గర ఆగిపోయాయి. ఆవిడ ఆ మెట్టు మీద నిలబడి, పక్క యింటి గోడ మీద పాత తడి గుర్తు ఎంత ఎత్తున వుందో చూసింది. "మంచి రోజున ఏ యిల్లయినా బాగానే వుంటుంది" అంది. యిరవయ్యేళ్ళు యిళ్ళు చూసినా నాకు తట్టని మాట! మేము ఎండ చూసుకుని వెళతాం మరి, షూటింగుకి వెలుతురు కావాలి కదా!

యింటాయన నెలకి 4,400 వస్తోందన్నాడు. మా ఆవిడ వెనక గదుల ఆడవాళ్ళ దగ్గర చాప మీద కూచుని, మాటల్లో పెట్టి ఎవరెంత యిస్తున్నారో రాబట్టింది. అసలు వస్తున్నది 4,000. అందులోనూ ఒకాయన నాలుగు నెలలుగా యివ్వడం లేదు. కరెంటు మీటరు ఒక్కటే, బిల్లు దగ్గర నెలనెలా తగువే. నాలుగు గదులకి బాత్‌రూమ్ ఒకటి. యివన్నీ వేలు మడిచి యింటాయన ముందు చెబితే, 4,10,000 అన్నవాడు 3,80,000కి దిగాడు.

కాగితాల సంగతి మాత్రం నేనే చూశాను, ఆ గొప్ప నాది. లాయరుకి యిచ్చి ముప్ఫయ్యేళ్ళ ఇ.సి. తీయించి, లింకు డాక్యుమెంట్లన్నీ వరసపెట్టి చదివించాను. తండ్రి ఆస్తిలో అన్నదమ్ములు పంచుకున్న కాగితం మీద పెద్దాయన సంతకం లేదు! ఆయన నిజామాబాదులో వుంటాడట. "ఆ, ఆయనేం అనడండీ, దేవుడు లాంటి మనిషి" అన్నాడు అమ్మేవాడు. దేవుడైనా సరే సంతకం పెట్టాల్సిందే అన్నాను. రెండు నెలలు ఆగాం. పెద్దాయన వచ్చి సంతకం పెట్టాకే బయానా మీద మిగతా డబ్బు యిచ్చాను. రిజిస్ట్రేషనూ అవీ కలిపి 4,20,000 అయింది.

యిక్కడ ఒక లెక్క చెప్పాలి, విసుక్కోకండి. నెలకి 4,000 అంటే ఏడాదికి 48,000. నేను ఎగిరి గంతేశాను. నూటికి పదకొండుకి పైనే! మా ఆవిడ పలక మీద రాసినట్టు నేల మీద సుద్దతో గీసింది. ఏడాదిలో ఏదో ఒక గది ఒకటి రెండు నెలలు ఖాళీగా వుంటుంది. మోటారు ఒకసారి కాలిపోతుంది. సున్నం, మున్సిపాలిటీ పన్ను, డ్రైనేజీ మనిషి. అద్దె ఎగ్గొట్టేవాడు ఒకడు వుండనే వుంటాడు. "మూడో వంతు మనది కాదనుకోండి" అంది. 48,000లో మూడో వంతు పోతే 32,000. పెట్టిన దాని మీద నూటికి ఏడున్నర చిల్లర. ఆ రోజుల్లో బ్యాంకులో వేసుకుంటే పదీ పదకొండూ వచ్చేది!

"మరెందుకే కొనడం?" అన్నాను.

"బ్యాంకువాడు వచ్చే ఏడు వడ్డీ పెంచుతాడని నమ్మకమేంటి? అద్దె పెంచొచ్చు. స్థలం ఎక్కడికీ పోదు. కానీ ఆ మూడో వంతు మాత్రం ముట్టుకోకూడదు, ప్రమాణం చెయ్యండి" అంది. ప్రతి నెలా అద్దెలు రాగానే మూడో వంతు పట్టుకెళ్ళి పోస్టాఫీసులో వేసేది. నేను దాన్ని "మీ పుట్టింటి కట్నం" అని వేళాకోళం చేసేవాణ్ణి.

తర్వాత చాలా ఏళ్ళకి మా ఆడిటర్ ఒక ముక్క చెప్పాడు. అద్దెకిచ్చిన యింటి మీద ఆదాయపు పన్ను లెక్క కట్టేటప్పుడు, మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో నూటికి 30 వంతులు, మనం ఖర్చు పెట్టినా పెట్టకపోయినా, తీసేస్తారట. అంటే సర్కారువారు కూడా యించుమించు మా ఆవిడ సుద్దముక్క లెక్కకే వచ్చారన్నమాట!

మొదటి పదేళ్ళూ సుఖంగా నడిచింది. కొత్త మీటర్లు పెట్టించాం, ఇంకో బాత్‌రూమ్ కట్టించాం. ఆ రెండు పనులకి పెట్టిన డబ్బు అద్దెల్లో రెండేళ్ళలో తిరిగొచ్చింది. రంగులకీ గేటుకీ పెట్టింది మాత్రం అద్దెలో ఒక్క రూపాయి పెంచలేదు. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకునేవాళ్ళం. అడ్వాన్సు రెండు నెలలది. గదుల్లో అందరూ మావాళ్ళే. లైట్‌మెన్, కాస్ట్యూమ్స్ కుర్రాళ్ళు, డాన్సర్లు, అసిస్టెంటు డైరెక్టర్లు. సినిమావాడు కాకపోతే నేను గది యిచ్చేవాణ్ణి కాదు. "మనవాళ్ళకి మనం కాకపోతే ఎవరిస్తారు" అనేవాణ్ణి. సాలిగ్రామం గడప గుర్తొచ్చేది లెండి.

"అందరూ మీవాళ్ళే అయితే ఎలాగండీ, ఒక్క గదైనా వేరేవాళ్ళకి యివ్వండి" అని మా ఆవిడ పోరు పెట్టేది. ఆ పోరు పడలేక ఒక గది ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న అమ్మాయికి యిచ్చాను. యీ నర్సమ్మ సంగతి గుర్తుంచుకోండి.

యిక నేను బోర్లాపడ్డ కథ.

2007. హైదరాబాదులో ఎవరి నోట విన్నా ఫ్లాట్లే. టీ స్టాలు దగ్గర కూడా చదరపు అడుగు ధర చెప్పుకునేవారు. మియాపూర్ వైపు ఒక కొత్త అపార్టుమెంటు చూడ్డానికి ఏజెంటు నన్ను కార్లో తీసుకెళ్ళాడు. యిల్లు యింకా లేవలేదు. నాలుగు స్తంభాలు, కంకర గుట్ట, పక్కన 'మోడల్ ఫ్లాట్'. అబ్బో, ఏం ఫ్లాటండీ! ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సీలింగు, దాంట్లో దాక్కున్న లైట్లు, గోడంత అద్దం, సోఫా, పళ్ళెంలో ప్లాస్టిక్ యాపిల్ పళ్ళు. ముప్ఫయ్యేళ్ళకి పైగా సెట్లు వేయించినవాణ్ణి, ముందు గోడ వుంటే చాలు, వెనక కర్రలు పొడిచి నిలబెడతాం అని తెలిసినవాణ్ణి, నేను దాన్ని చూసి మురిసిపోయానంటే ఏమనాలి! ఆ అద్దంలో నన్ను నేను చూసుకుని 'ఓనరు'లా వున్నాననుకున్నాను. అంతే, పడిపోయాను.

"నెలకి తొమ్మిది వేలు కళ్ళు మూసుకుని వస్తుంది సార్. రేపు పక్కనించే మెట్రో వస్తుంది. మీరు ముసలివారయ్యేసరికి కోటి" అన్నాడు ఏజెంటు.

మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది. "యిక్కడ యిప్పుడు అద్దెకున్న మనిషి ఎవరైనా వున్నారా, వెళ్ళి మాట్లాడతాను." లేడు. చుట్టూ తుమ్మచెట్లు. "లేని మనిషి అద్దె ఎవరిస్తారండీ?" అంది. నీకేం తెలుసు అని కసిరాను.

1,050 చదరపు అడుగులు. అన్నీ కలిపి 26 లక్షలు. అందులో 8 లక్షలు మావి. పోస్టాఫీసు డబ్బు మొత్తం, ఆవిడ గాజులు, నా రెండు పిక్చర్ల బాకీ. 18 లక్షలు అప్పు. నా వయసు చూసి బ్యాంకువాడు మొహం తిప్పుకుంటే, ఉద్యోగంలో చేరిన మా అబ్బాయి పేరు కూడా కలిపాం. పదిహేనేళ్ళు, పదిన్నర శాతం. నెలకి 19,900 కట్టాలి. తొమ్మిది వేలు అద్దె వస్తే మిగతా 10,900 మనం వేసుకుందాం, ధర పెరుగుతుంది కదా అని నా లెక్క. ఆ లెక్కలో ఏదీ జరగకపోతే అన్న గడి లేదు.

తాళాలు చేతికొచ్చేసరికి 2008 చివర. ప్రపంచమంతా మార్కెట్లు పడి వున్నాయి. మోడల్ ఫ్లాటులోని సీలింగు మా ఫ్లాటులో లేదు, అది 'అదనం' అట. ఐదు నెలలు టు-లెట్ బోర్డు వేలాడింది. ఖాళీగా వున్నా మెయింటెనెన్స్ కట్టాల్సిందే. చివరికి ఒకాయన 6,500కి వచ్చాడు. అంటే నెలకి 13,400 చేతి నుంచి. ఆ డబ్బు ఎక్కడిది? కృష్ణానగర్ గదుల్లోంచి! లైట్‌మెన్ యిచ్చిన అద్దె తీసుకెళ్ళి, తుమ్మచెట్ల మధ్య అద్దాల మేడకి కట్టేవాణ్ణి. ఒక యిల్లు అన్నం పెడుతుంటే ఇంకో యిల్లు ఆ అన్నం తింటోంది. మూడో వంతు పక్కన పెట్టడం ఆగిపోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఉత్త చేతులతో వడ్డించేది, గాజుల్లేకుండా. అంతకంటే ఏం అనాలి?

2013లో 29 లక్షలకి అమ్మేశాను. "మూడు లక్షలు లాభమేగా" అన్నారు స్నేహితులు. ఐదేళ్ళలో కట్టిన వడ్డీ ఎనిమిదిన్నర లక్షలు. అద్దెల రూపంలో వచ్చింది ఖర్చులు పోగా మూడు. అన్నీ కూడి తీస్తే రెండున్నర లక్షలు నష్టం. మా 8 లక్షలు అన్నేళ్ళు వడ్డీ లేకుండా పడి వుండటం దానికి అదనం.

అన్నట్టు, ఆ ఏజెంటు అబద్ధం చెప్పలేదు సుమండీ! మెట్రో వచ్చింది. సరిగ్గా మియాపూర్ నుంచే మొదలయింది. 2017 నవంబరులో! మొదటివారం టిక్కెట్టు కొనుక్కుని ఎక్కాను కూడా. కిటికీలోంచి అటువైపు చూడకూడదని ఎంత అనుకున్నా చూశాను. అతను మాట నిలబెట్టుకున్నాడు, నాకు అంతదాకా నిలబడే శక్తి లేకపోయింది. వచ్చే మాట నిజమే అయినా, వచ్చేదాకా కిస్తీ ఎవరు కడతారన్నది ఇంకో లెక్క.

2015 నుంచి నాకు పిలుపులు తగ్గిపోయాయి. కుర్ర మేనేజర్లు ఫోనులోనే లొకేషన్ ఫోటోలు చూసేసుకుంటున్నారు. మేమిద్దరం పూర్తిగా కృష్ణానగర్ అద్దెల మీదే పడ్డాం. సాలిగ్రామం పెద్దావిడ జాగాలోకి నేను వచ్చానన్నమాట.

2020 మార్చి 25న దేశమంతా తాళం పడింది. షూటింగులు అంతకు పదిరోజుల ముందే ఆగిపోయాయి. ఏప్రిల్ ఒకటిన నేను అలవాటు కొద్దీ అద్దెల పుస్తకం తీశాను. ఆరు వాటాలు, నెలకి 38,000. ఐదు వాటాల్లో సినిమావాళ్ళు. ఆ ఐదుగురికీ ఒకే రోజున పని పోయింది! మామూలుగా అయితే ఒకడికి పిక్చరు లేకపోతే ఇంకొకడికి వుంటుంది. యీసారి దీపాలన్నీ ఒకే మెయిన్ మీద వున్నట్టు ఒక్కసారే ఆరిపోయాయి. ఆ నెల గుమ్మంలోకి వచ్చి అద్దె యిచ్చింది నర్సమ్మ ఒక్కతే. 5,000. మాస్కు వేసుకుని, దూరంగా అరుగు మీద పెట్టి వెళ్ళింది. మా యిద్దరి మందులకే నెలకి తొమ్మిది వేలు.

చిరంజీవి గారి పూనికతో సి.సి.సి. అని పెట్టి సినిమా కార్మికులకి సరుకులు పంచారు. మా గదులవాళ్ళకీ అందాయి. బియ్యం వచ్చాయి, బాగానే వుంది. అద్దె ఎక్కణ్ణించి వస్తుంది? లైట్‌మెన్ ఒకతను సరుకుల సంచీలోంచి ఒక నూనె ప్యాకెట్టు తీసి మా గడపలో పెట్టాడు. "మేనేజరు గారూ, ప్రస్తుతానికి యిదే" అన్నాడు. దాన్ని వెనక్కి యిచ్చేశాను. లోపలికొచ్చి కూచున్నాను. 'నా బియ్యం నీ అద్దెలో వుంది' అన్న మాట చెవిలో గింగురుమంటోంది. ఆ మాట అనే వంతు నాది. నోరు రాలేదు.

అప్పుడు మా ఆవిడ పోస్టాఫీసు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఫ్లాటు వదిలిన మరునెల నుంచీ మళ్ళీ మూడో వంతు వేస్తూనే వుందట! మరమ్మతులకి తీసినవి పోగా నాలుగు లక్షల చిల్లర వుంది. "యిందుకే కదా పక్కన పెట్టింది. ఎవర్నీ ఖాళీ చెయ్యమనకండి. మళ్ళీ ఎవరు వస్తారు యిప్పుడు? ఖాళీ గది కూడా అద్దె యివ్వదుగా" అంది. చూశారా, దయ అనుకుంటే దయ, లెక్క అనుకుంటే లెక్క.

షూటింగులు లేని నెలలకి సగం అద్దె చాలన్నాం, అది కూడా పని దొరికాక యిమ్మన్నాం. కాస్ట్యూమ్స్ కుర్రాడు ఊరెళ్ళిపోయి, నవంబరులో పూతరేకుల డబ్బాతో తిరిగొచ్చి బాకీ మొత్తం లెక్కపెట్టి యిచ్చాడు. లైట్‌మెన్ ఏడాది పాటు నెలకి వెయ్యి చొప్పున తీర్చాడు. ముందు పోర్షన్‌లోని డాన్సర్ల కుటుంబం ఒక రాత్రి చెప్పకుండా వెళ్ళిపోయింది, 31,000 బాకీ. ఇంకో గది కుర్రాడు, వేషాల కోసం శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు, తాళం వేసి వెళ్ళాడు. ఫోను పలకలేదు. ఆర్నెల్లు చూసి, పక్కింటాయన్ని సాక్షిగా పెట్టుకుని తాళం తీశాను. ఒక చాప, పాలిష్ చేసిన బూట్లు, ఒక ఫోటో ఆల్బమ్. నవ్వుతూ, కోపంగా, కత్తి పట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని ముప్ఫై రెండు ఫోజులు. ఆ ఆల్బమ్ మా బీరువాలో వుంది. అతను రాలేదు.

ఆ తర్వాత నేను పద్ధతి మార్చాను. ఆరు వాటాల్లో మూడే సినిమావాళ్ళకి. మిగతా మూడింట్లో నర్సమ్మ, ఒక బడి టీచరు కుటుంబం, ఒక మందుల షాపు కుర్రాడు. "మనవాళ్ళని దూరం పెట్టావేం" అని అడిగిన పాత మిత్రులున్నారు. మనవాళ్ళందరికీ ఒకేసారి జ్వరం వస్తే, మంచినీళ్ళిచ్చేవాడు ఒకడైనా బయటివాడు వుండాలి కదా!

యిప్పుడు మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోనులో రోజూ ఒకటే పోరు. "నాన్నా, ఆ స్థలానికి యిప్పుడు కోటీ డెబ్భై లక్షలు యిస్తామంటున్నారు. నీకు వచ్చే అద్దె నెలకి 52,000. అమ్మ లెక్క ప్రకారం మూడో వంతు తీసెయ్. ఏడాదికి 4,16,000. నూటికి రెండున్నర కూడా లేదు. అమ్మి, పన్ను పోగా మిగిలింది బ్యాంకులో వేసుకున్నా దానికి రెట్టింపు పైనే వస్తుంది."

వాడి లెక్క తప్పని నేననను. యీ యిల్లు యీ ధరకి అద్దెల కోసం కొంటాను అని ఎవరైనా నా దగ్గరికి వస్తే, వద్దు బాబూ అని నేనే చెబుతాను. యీ ధరలో అద్దె పాలు తక్కువ, ఆశ పాలు ఎక్కువ. యివాళ ఊళ్ళో చాలా యిళ్ళ సంగతి అంతే. కానీ నేను కొన్నది 4,20,000కి. పెట్టినదంతా ఏడాదికేడాది నా చేతికి తిరిగొస్తోంది. కొనేవాడి లెక్కా, వుంచుకునేవాడి లెక్కా ఒకటి కాదని వాడితో వాదిస్తాను. "ఒకటేరా నాన్నా, అమ్మకపోవడమంటే రోజూ మళ్ళీ కొంటున్నట్టే" అంటాడు వాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఆవిణ్ణి అడిగితే, "వాన వెలిశాక ఆలోచిద్దాం" అంటుంది. ఏ వానో చెప్పదు.

నిన్న సాయంత్రం మందుల షాపు కుర్రాడు పెళ్ళి కుదిరిందని ఖాళీ చేశాడు. గేటుకి టు-లెట్ బోర్డు కట్టి యింకా దారం ముడి వెయ్యలేదు, వీపున సంచీతో ఒక పిల్లవాడు వచ్చి నిలబడ్డాడు. యిరవై రెండేళ్ళుంటాయేమో. రాజమండ్రి నుంచట.

"గది చూపిస్తారా బాబాయ్ గారూ? స్టూడియోలకి దగ్గరేనా?"

"ఏం చేస్తావు నాయనా?" అన్నాను.

"ఎడిటింగ్ అసిస్టెంటుగా రమ్మన్నారండీ. సోమవారం నించి."

యీ నాలుగో సినిమావాణ్ణి పెట్టుకుంటే నేను పెట్టుకున్న పద్ధతి తప్పినట్టే. వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. పిల్లవాడి కాళ్ళకేసి చూసింది, సంచీకేసి చూసింది.

"అడ్వాన్సు రెండు నెలలది బాబూ. కుళాయి పొద్దున్న ఆరింటికి వస్తుంది. లేచి పట్టుకోగలవా?" అంది.